ఎవరిదీ కాని దోమతెర

మతావలూ ఊళ్లో తనిఖీ అంటే పండగలాగే ఉంటుంది, చూసేవాళ్లకి. చేసేదాన్ని నేను కాబట్టి నాకు మాత్రం ఒళ్లు హూనం.

ఊరి ఆడవాళ్ల కమిటీ ముందురోజే ఇంటింటికీ కబురు చేస్తుంది. తెల్లారేసరికి పందులన్నీ దడుల వెనక్కి వెళ్లిపోతాయి. ముంగిట్లో ఎండాకు కనపడదు. ఇంటిముందే ఉండే పెద్దల సమాధుల మీద నాచు గీకేసి ఉంటుంది. మా ఇళ్లకి గోడలుండవు కదా, స్తంభాల మధ్య తడికెలన్నీ పైకెత్తి, ఉన్న సామానంతా చాప మీద పరిచిపెడతారు. కప్పులు, పళ్లాలు, దుప్పట్లు, తలగడలు. మధ్యలో దోమతెర కట్టి ఉండాలి. అది నియమం. నేనూ, కమిటీ పెద్ద లాంగీ, మా వెనకాల ఒకే రంగు బట్టలు కట్టుకున్న కమిటీ ఆడవాళ్లూ వరసగా చూసుకుంటూ పోతాం. నీళ్ల తొట్టి మూత ఎత్తి దోమపిల్లలు ఉన్నాయేమో చూడాలి. తర్వాత మరుగుదొడ్డి. ఆస్పత్రి తరఫున ఈ తనిఖీల ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ సవాయీ దీవిలో నేను ముక్కు పెట్టని దొడ్డి లేదు. పింఛను ఇస్తే ముందు నా ముక్కుకివ్వాలి.

ఇందులో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని సంగతి ఒకటుంది. ఏ ఇంట్లో ఏది లేకపోయినా, మేం పక్కింటి ముంగిట్లో మాట్లాడుతుండగానే అరటిచెట్ల చాటునుంచి ఆ వస్తువు అటు చేరిపోతుంది. చేరకపోతే ఆదివారం చర్చి అయ్యాక ఊరందరి ముందూ ఆ ఇంటి పేరు చదువుతారు. ఆ తలవంపులు ఎవరికి కావాలి? ఒకే పూల దుప్పటి నాలుగిళ్లలో చూస్తాను. నాలుగుసార్లూ "అబ్బో, దుప్పటి బాగుందే" అంటాను. లాంగి గొంతు సవరించుకుంటుంది. వెనకాల ఆడవాళ్లు నవ్వాపుకుంటారు. ఎరువు తెచ్చుకున్నది ఎవరిదని మాత్రం అడగం. అడిగితే ఇచ్చినవాళ్లకీ, తెచ్చుకున్నవాళ్లకీ, అడిగినవాళ్లకీ, ముగ్గురికీ సిగ్గు.

ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఈసారి తనిఖీకి నేను సరదాగా రాలేదు. మతావలూలో ఇద్దరు పిల్లలు పోయారు. మొదట రాళ్లబీడు పక్కన చిట్టచివరి ఇంట్లో సావిలీ వాళ్ల కూతురు. ఆ దుఃఖంతో వాళ్లు ఇల్లొదిలి పట్నం వెళ్లిపోయారు. తర్వాత దాని పక్కింట్లో తవీటా వాళ్ల కొడుకు. ఇద్దరికీ ఒకటే తీరు. ముందు కాస్త ఒళ్లు వెచ్చన, తర్వాత నిద్ర, ఆ నిద్రలోంచి లేవలేకపోవడం. డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు. రక్తం తీసి పంపితే ఏమీ లేదని వచ్చింది. ఏమీ లేకుండా పిల్లలెలా పోతారమ్మా అని మా పెద్దాఫీసరు నన్ను నిలబెట్టి అడిగాడు. నాకేం తెలుసు? నీళ్లు పరీక్ష చేశాను. దొడ్లు తవ్వించి చూశాను. పందుల పాకలు జరిపించాను. నాకేమీ దొరకలేదు.

మూడో పిల్ల పోకూడదు. అదొక్కటే నా బుర్రలో ఉంది. పైగా అది నా చెల్లెలు కాపురమున్న ఊరు. ఐలీనీ ఇల్లు ఊరికి ఆ కొసన, చర్చి పక్కన. దానికి ఫెతూ అని ఒక్కతే కూతురు, ఏడేళ్ల పిల్ల. నాకు పిల్లల్లేరు. ఫెతూని చూస్తే నాకు మోకాళ్ల నొప్పులు కూడా గుర్తుండవు.

మామూలుగా చర్చి దగ్గర మొదలుపెట్టి రాళ్లబీడు దగ్గర ముగిస్తాం. ఆ రోజు వానకి చర్చి వైపు కల్వర్టు కొట్టుకుపోయింది. నేను తోటల మీదుగా పైదారిన బండి తోలుకొచ్చాను. అది రాళ్లబీడు దగ్గర తేలింది. లాంగి గొడుగేసుకుని అక్కడికే వచ్చింది.

"ఈ చివర్నుంచే మొదలెట్టేద్దామా పలేపా? మళ్లీ అటు నడిచి, ఇటు నడిచి, మళ్లీ అటు నడిచి... నా వల్ల కాదు."

"నా వల్ల మాత్రం అవుతుందేంటి? పద, ఆఖరికి మా చెల్లెలింట్లో కోకో తాగి పడుకుందాం" అన్నాను.

అలా వరస తిరగబడింది.

సావిలీ వాళ్ల ఇల్లు ఖాళీ. మొదట వెళ్లింది తవీటా వాళ్లింటికి. వాకిట్లో చిన్న సమాధి, సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది. పిల్లాడు పోయిన ఇంట్లో కప్పులు లెక్కపెట్టడానికి నాకు మనసు రాలేదు. తవీటా భార్య మోరా కప్పులన్నీ వరసగా పెట్టి, పక్కన తలొంచుకుని కూర్చుంది. మధ్యలో తెల్ల దోమతెర, అంచుకి నీలం పట్టీ, ఒక మూల చిరిగిన చోట ఎర్ర గుడ్డముక్క వేసి కుట్టారు. లోపల ఎవరో పెద్దావిడ అటు తిరిగి పడుకుని ఉంది. నెరిసిన జుట్టు. దుప్పట్లోంచి ఒక పాదం బయటికొచ్చింది. మడమ పగిలి, పగుళ్లలో మట్టి ఎండిపోయి ఉంది. అత్తగారు కాబోలు, మనవడి దిగులుతో పడుకుందనుకున్నాను. లేపడం ఎందుకని గొంతు తగ్గించి మాట్లాడాను.

"అంతా బాగుంది మోరా. నువ్వు కాస్త తింటున్నావా?"

ఆమె వరస తప్పిన కప్పు ఒకటి సరిచేసింది. మేం వాకిలి దాటామో లేదో దోమతెర తాళ్లు విప్పేసింది. అంత తొందరగా ఎందుకు విప్పుతోందా అనిపించింది, అంతే. పక్కింటికి పంపాలేమో అనుకున్నాను.

అనుకున్నట్టే పక్కింట్లో అదే తెర. నీలం అంచు, ఎర్ర మాసిక. నాకు నవ్వొచ్చింది. లోపల ఎవరో ముసలావిడ పడుకుని ఉంది. మధ్యాహ్నం వేళ, ముసలివాళ్లు పడుకోక ఏం చేస్తారు? ఆ పక్కింట్లోనూ అంతే. ఎండ చెమటలు కక్కిస్తోంది. నా మోకాళ్లు అరుస్తున్నాయి. నీళ్ల తొట్టి, దొడ్డి, పందులు, కప్పులు... మళ్లీ తొట్టి, దొడ్డి... ఎన్నిళ్లు చూశానో నాకే తెలియలేదు. ఎక్కడ చూసినా తెరలో ఒక ముసలావిడ. ఈ ఊళ్లో ఇంతమంది ముసలివాళ్లున్నారా అనుకున్నాను కూడా. బుద్ధి అక్కడే మేలుకోవాలి. అలిసిపోయిన మనిషికి బుద్ధి మేలుకోదు.

ఊరి నడుమ కొత్తగా పెళ్లైన జంట ఇల్లుంది. అబ్బాయి ఆకాశమంత ఎత్తు, అమ్మాయి సిగ్గుల మొగ్గ. ఇద్దరే ఉంటారు, నాకు తెలుసు. వాళ్లింట్లోనూ తెర కట్టి ఉంది. లోపల ఆవిడ, అటు తిరిగి. దుప్పట్లోంచి బయటికి వచ్చిన పాదం, పగుళ్లలో మట్టి.

"మీ అమ్మమ్మ వచ్చిందా?" అని అడిగాను ఆ పిల్లని.

"మా అమ్మమ్మా? లేదే... ఎవరు?"

"మరి పడుకుందెవరు?"

అందరూ తెర వైపు చూశారు. లాంగి చరచరా వెళ్లి తెర అంచు పట్టుకుని పైకెత్తింది. చాప, దుప్పటి, తలగడ. అంతే. దుప్పటి మాత్రం మధ్యలో కాస్త గుంటపడి ఉంది. కొబ్బరినూనె వాసన, పాతబడి ముక్కిపోయిన నూనె వాసన గుప్పుమంది.

"ఎండ దెబ్బ తగిలిందే నీకు. టోపీ పెట్టుకోమంటే పెట్టుకోవు, సోకు!" అంది లాంగి.

ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బీపీ బిళ్ల వేసుకోవడం మర్చిపోయినట్టున్నాను అన్నాను. నిజానికి పొద్దున్నే వేసుకున్నాను.

ఆ తర్వాత ఇళ్లలో నేను తెర వైపు చూడలేదు. తొట్టెలు చూశాను, దొడ్లు చూశాను, తెర కట్టిన వైపు మాత్రం వీపు పెట్టి నిలబడ్డాను. భయమా అంటే, పగటిపూట అంతమంది మధ్య భయమేంటి? ఒళ్లు మాత్రం చల్లబడుతూనే ఉంది. లాంగి కనిపెట్టినట్టుంది.

ఐలీనీ ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. రాళ్లబీడు దగ్గర వదిలిన నా బండిని ఊరి కుర్రాడొకడు తోలుకొచ్చి రోడ్డు అవతల పెట్టాడు. కమిటీ ఆడవాళ్లు ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ మబ్బు పట్టింది. ఐలీనీ వానజల్లు వైపు తడికెలు దించేసింది. కోకో ఇచ్చింది, కొబ్బరిపాలు పోసి ఉడికించిన టారో దుంప పెట్టింది. మా మరిది న్యూజిలాండ్‌లో ఆపిల్ తోటల పనికి వెళ్లి ఉన్నాడు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే.

ఫెతూ వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. నుదురు వెచ్చగా తగిలింది.

"పొద్దున్నుంచీ ఇలాగే ఉందా?" అడిగాను.

"లేదక్కా, మధ్యాహ్నం బాగానే గెంతింది. ఇప్పుడే, తెర కట్టాక కాస్త మగతగా ఉందంది."

అప్పుడు తిరిగి చూశాను. ఇంటి మధ్యలో నీలం అంచు తెర.

"ఇది మీ ఇంటికెలా వచ్చింది?"

ఐలీనీ మొహం ఎర్రబడింది. సొంత అక్క దగ్గర కూడా సిగ్గే. "మాది చిరిగిపోయిందక్కా... పక్కింటి వాళ్లు పంపారు."

"పక్కింటి వాళ్లదా?"

"ఏమో మరి. వాళ్లకి ఆ పక్కవాళ్లు..."

"లాంగీ, ఈ తెర ఎవరిది?"

"పాస్టరుగారి భార్యది అనుకుంటా" అంది లాంగి కోకో ఊదుకుంటూ.

"కాదు పిన్నీ, ఆవిడే నన్నడిగింది, ఆస్పత్రివాళ్లు ఇచ్చారా అని" అంది ఐలీనీ.

మా ఆస్పత్రి తెరలు ఆకుపచ్చవి. తెల్లవి మేమెన్నడూ ఇవ్వలేదు. ఎర్ర మాసిక ఎవరు కుట్టారో అడిగాను. ఎవరికీ తెలియదు. ఎప్పట్నుంచి తిరుగుతోందని అడిగాను. ఎవరికీ తెలియదు. అందరూ పక్కవాళ్లదనుకున్నారు. అడగడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు.

"తనిఖీ అయిపోయాక ఇది ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటుంది... ఆఖరిగా ఎవరింట్లో కడితే వాళ్లింట్లోనే. మళ్లీ కావలసినప్పుడు..." లాంగి మాట ఆగిపోయింది. కప్పు కింద పెట్టింది.

"కిందటి తనిఖీ ఎక్కడ అయిపోయింది లాంగీ?"

"తవీటా వాళ్లింట్లో."

"అంతకు ముందు?"

లాంగి కళ్లు రాళ్లబీడు వైపు తిరిగాయి. చెప్పక్కర్లేదు. సావిలీ వాళ్లింట్లో. ఈ రోజు ఆఖరిల్లు ఇదే. నా కాళ్ల నొప్పి కోసం వరస తిప్పి, నా చేత్తో నేనే ఇక్కడికి తెచ్చి దింపాను.

లేచాను. తెర విప్పి బండిలో పడేద్దామని తాడు మీద చెయ్యి వేశాను. అప్పుడే మోగింది, పాత గ్యాస్ సిలిండర్ మీద ఇనుపకడ్డీతో కొట్టే మొదటి గంట.

సా మొదలైంది. ఊరంతా ప్రార్థనకి కూర్చునే వేళ. ఇంక రోడ్డు మీద పురుగు కూడా కదలకూడదు. బయట అప్పుడే కుర్రాళ్లు వరసగా నిలబడ్డారు, ఎవరైనా నడిస్తే ఆపడానికి. బండి చూస్తే రోడ్డు అవతల ఉంది.

"కూర్చో అక్కా, ఊరి పరువు తీస్తావా?" ఐలీనీ నా చెయ్యి పట్టి లాగింది.

"ఐలీనీ, ఈ తెర..."

"ప్రార్థన అయ్యాక. కూర్చో."

రెండో గంట మోగింది. కూర్చున్నాను. ఫెతూని నా పక్కకి లాక్కుని, చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నా వీపు వెనకాలే తెర. వాన మొదలైంది. కప్పు మీద హోరు. అంతలో కరెంటు పోయింది. నా ఫోను చూస్తే బండిలో ఉండిపోయింది.

ఐలీనీ పాట ఎత్తుకుంది. లాంగి అందుకుంది, నేనూ అందుకున్నాను. మా ముగ్గురి గొంతులు. చిన్నప్పట్నుంచీ రోజూ పాడే పాటే. రెండో చరణంలో ఇంకో గొంతు కలిసింది. సన్నగా, ముసలిగా, ఎక్కడా తప్పకుండా... మా వెనకాల నుంచి.

లాంగి కళ్లు బిగించి మూసుకుంది. గొంతు పెంచింది. ఆమెకీ వినపడిందని నాకర్థమైంది.

పాట అయిపోయింది. ఐలీనీ తల వంచి ప్రార్థన మొదలుపెట్టింది. కళ్లు మూసుకున్నాను. అలవాటు, ఏం చేయను? ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణమే.

కళ్లు తెరిచేసరికి... నా చేతిలో ఫెతూ చెయ్యి లేదు.

పక్కన లేదు. ఐలీనీ దగ్గర లేదు. వెనక్కి తిరిగాను. తెర అంచు ఊగుతోంది. ఎవరో ఇప్పుడే దూరినట్టు...

పాత కొబ్బరినూనె వాసన వచ్చింది.

మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాను. ప్రార్థన జరుగుతోంది, అరవకూడదు. ఇంత వయసొచ్చినా ఆ భయం పోలేదు. తెరకి మొహం ఆనించి చూశాను. లోపల చీకటి.

"ఫెతూ..." గుసగుసగా పిలిచాను.

ఊపిరి వినపడింది. ఒకరిది కాదు.

"ఫెతూ, బయటికి రా అమ్మా."

"ఇదేనా తల్లీ..." అంది లోపల్నుంచి ఒక గొంతు. ఆరిపోయిన గొంతు. "ఇదేనా ఆఖరిల్లు?"

తెర అంచు గుప్పిట్లో బిగించాను.

"చాలా నడిపించారు... ఇంక పడుకోనా?"

భయంతో చచ్చిపోతానేమో అనుకున్నాను. కానీ ఒక మాట చెప్తాను, నమ్మితే నమ్మండి. నాకు జాలేసింది. ఆ గొంతులో కోపం లేదు. సాయంత్రానికి నా గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది. ఎవరు తల్లీ నువ్వు, నిన్నెవరు నడిపిస్తున్నారు అని అడగాలనిపించింది. అడగలేదు. ఈ ఊళ్లో ఎవరూ అడగరు.

"కాదు. ఇది కాదు. ఇంకో ఇల్లుంది" అన్నాను.

"ఇంకానా..."

"ఒక్కటే. నేను తీసుకెళ్తాను. పిల్లని వదులు."

వాన ఇంకా హోరుగా కురుస్తోంది. ఐలీనీ ప్రార్థన మీద ప్రార్థన చేస్తోంది, న్యూజిలాండ్‌లో మొగుడి కోసం, అతని నడుం నొప్పి కోసం. తెర అంచు ఎత్తి చెయ్యి లోపలికి పెట్టాను. తడిమాను. దుప్పటి... తలగడ... ఒక చెయ్యి తగిలింది. చిన్నది. వెచ్చగా ఉంది.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకొకటి తగిలింది.

అదీ చిన్నదే. అదీ వెచ్చగానే ఉంది. రెండూ ఒకేసారి నా వేళ్లని పట్టుకున్నాయి. ముసలిదాని చెయ్యి ఏదో, ఫెతూ చెయ్యి ఏదో... తెలియలేదు. దేవుడా, నాకు తెలియలేదు. ఏడేళ్లుగా పట్టుకుని తిప్పిన చెయ్యి. కుడివైపుది కాస్త గట్టిగా పట్టుకున్నట్టనిపించింది. భయపడ్డ పిల్లే కదా గట్టిగా పట్టుకుంటుంది! అదే పట్టి లాగాను. రెండోది నెమ్మదిగా... ఒక్కొక్క వేలూ జారి వదిలేసింది.

ఫెతూ బయటికొచ్చింది. నా గుండెకి అదుముకున్నాను. ఏడవలేదు. వణకలేదు. నా భుజం మీద గడ్డం ఆనించి బరువుగా ఊపిరి వదిలింది. ఒళ్లు అప్పుడే చల్లబడుతోంది, జ్వరం దిగుతోంది.

చివరి గంట మోగింది. కరెంటు వచ్చింది. తెరలో ఎవరూ లేరు.

"దొంగపిల్ల! ప్రార్థనలో నిద్రపోవడానికి దూరిందా?" ఐలీనీ నవ్వింది. దానికేమీ తెలియలేదు. లాంగి మాత్రం లేచి, చెప్పులు వేసుకుని, నా మొహం చూడకుండా వాకిట్లోకి నడిచింది.

"నేనేం వినలేదు, నన్నేం అడక్కు. అది మాత్రం ఊళ్లోంచి తీసుకుపో" అంది.

తెర విప్పి, చుట్టచుట్టి, సంకలో పెట్టుకుని బండెక్కాను. దూదిలా తేలిగ్గా ఉంది. ఇంకో ఇల్లుందన్నాను గానీ నా ఇంట్లోకి తీసుకెళ్లే ధైర్యం నాకెక్కడిది? బండిలోనే పక్కసీటు మీద వదిలేసి, తాళం వేసి, లోపలికి వెళ్లి లైట్లన్నీ వేసుకుని కూర్చున్నాను. మనసులో ఒకటే అనుకున్నాను. పొద్దున్నే ఆస్పత్రి బట్టీలో వేసి కాల్చేస్తాను. ఎవరితోనూ చెప్పను, ఎవరినీ అడగను. కొట్లలో పట్టుకున్న పనికిరాని మాంసం, పురుగుపట్టిన పిండి, అన్నీ అక్కడే కాలుస్తాం. ఇదీ అంతే.

తెల్లవారగానే వెళ్లాను. బట్టీ దగ్గర పెసామినో అప్పుడే మంట రాజేశాడు. నిద్రమొహం, చేతిలో పొడుగు ఇనుపకొక్కెం.

"ఏంటమ్మా ఇంత పొద్దున్నే? ఎవరి కొట్టు మీద పడ్డారు?"

"ఎవరి మీదా లేదు. ముందు తలుపు తియ్యి."

చుట్టని రెండు చేతులా ఎత్తుకున్నాను. నిన్నటికన్నా బరువుగా ఉంది. వానకి తడిసిందేమో అనుకున్నాను. తడి లేదు. వెచ్చగా ఉంది. ఎండలో ఉన్న బండి కదా అనుకున్నాను. ఎండ ఇంకా పడలేదు.

పెసామినో బట్టీ తలుపు తెరిచాడు. వేడి మొహానికి కొట్టింది. అప్పుడే ఫోను మోగింది. చుట్టని ఒక చంకలోకి మార్చుకుని ఎత్తాను. ఐలీనీ.

"అక్కా, ఫెతూకి జ్వరం పూర్తిగా పోయింది! పొద్దున్నే లేచి గిన్నెడు టారో తింది." గొంతులో సంతోషం పొంగిపోతోంది. "ఒకటే నవ్వు అనుకో. కాళ్లు పట్టమంటోంది. ఊరంతా నడిచిన దానిలా నిట్టూర్పులూ అదీ! తిన్నాక నా తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండు తల్లీ, అంది. ఎక్కడ నేర్చిందో చూడు, ముసలమ్మ!"

నా కళ్లు చంకలో చుట్ట మీదికి పోయాయి.

"అక్కా, ఉన్నావా? ఉండు, నీతో మాట్లాడతానంటోంది, ఇస్తున్నా."

ఫోన్లో ఊపిరి వినపడింది. తర్వాత ఫెతూ గొంతు. ఫెతూ గొంతే, అచ్చం.

"పెద్దమ్మా, కాల్చేశావా?"

కాలుస్తానని నేనెవరితోనూ అనలేదు. తెర చూసి భయపడ్డ పిల్ల, తనే ఊహించిందేమో. ఊహించే ఉంటుంది. ఏడేళ్ల పిల్ల... ఊహిస్తుందా?

"ఇవ్వండమ్మా, మంట పాడైపోతోంది" అంటూ పెసామినో కొక్కెం పక్కన పెట్టి రెండు చేతులూ చాచాడు.

చంకలో చుట్ట కదిలింది. నీలం అంచు మడతలోంచి ఏదో నా వేలిని పట్టుకుంది. వెచ్చగా, గట్టిగా పట్టుకుంది.

"పెద్దమ్మా," అంది మడతల్లోంచి, గుసగుసగా. "ఫోన్లో మా అమ్మేనా?"